నీటి చెవి – 3వ పాఠం: బొమ్మ ఖాళీగా ఉంటే తిమింగలం లేనట్టేనా?

పోయిన పాఠంలో సముద్రం లోపల తీసిన రికార్డింగ్‌ని ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటర్‌లో తెరిచి స్పెక్ట్రోగ్రామ్‌గా, అంటే శబ్దపు బొమ్మగా మార్చుకున్నాం. అడ్డంగా కాలం, నిలువుగా హెర్ట్జ్, ఎంత వెలుగుంటే అంత శబ్దం. ఈసారి ఆ బొమ్మను చదువుదాం. మన చోటు అలాస్కా ఉత్తర కొసన ఉట్కియాగ్విక్ ఎదురుగా ఉన్న సముద్రం. 2016 దాకా ఆ ఊరిని బారో అనేవాళ్లు. వసంతంలో బోహెడ్ తిమింగలాలు బేరింగ్ సముద్రం నుంచి బోఫోర్ట్ సముద్రానికి వెళ్లే దారి ఇదే.

ముందు విండో సైజు, అంటే ఒక్కోసారి ఎన్ని శాంపిళ్లను కలిపి చూడాలన్నది, చూసుకోండి. ఫైలు సెకనుకు 16,000 శాంపిళ్లతో తీసినదైతే, విండో 2048 పెట్టండి. దాదాపు 8 హెర్ట్జ్ తేడా కూడా విడిగా కనబడుతుంది. బోహెడ్ మూలుగులు ఎక్కువగా 1,000 హెర్ట్జ్ లోపే కాబట్టి ఇది సరిపోతుంది. బెలూగాలు అనే తెల్ల తిమింగలాలు దారి వెతుక్కోవడానికి చేసే క్లిక్కులు మాత్రం ఈ ఫైల్లో ఎంత వెతికినా దొరకవు. అవి 40,000 హెర్ట్జ్ పైన ఉంటాయి, మన ఫైలు శాంపిళ్ల లెక్కలో సగమైన 8,000 దగ్గరే ఆగిపోతుంది.

ఏప్రిల్, మే రికార్డింగుల్లో కొత్తవాళ్లను ఎక్కువగా మోసం చేసేది బియర్డెడ్ సీల్ అనే సముద్ర జంతువు. కొన్ని వేల హెర్ట్జ్ దగ్గర మొదలై, తెగిన గాలిపటంలా మెలికలు తిరుగుతూ కిందికి దిగే పొడవాటి గీత కనబడితే అది మగ సీల్ పాట. ఒక్కోటి నిమిషం దాటుతుంది. బోహెడ్ గీతలు పొట్టివి, కిందనే ఉంటాయి, ఒకే వరస మళ్లీ మళ్లీ వస్తుంది. ఏ ఆకారం అని బట్టీ పట్టకండి: గ్రీన్‌లాండ్‌కి తూర్పున ఫ్రామ్ జలసంధిలో మూడేళ్ల రికార్డింగుల్లో ఏకంగా 184 రకాల బోహెడ్ పాటలు దొరికాయి. మంచు పలకలు రాసుకున్నప్పుడు కూడా అచ్చం మూలుగులాంటి గీతే పడుతుంది. అయితే మంచు అదే వరసను మళ్లీ మళ్లీ పాడదు. నా మటుకు ఇదే అన్నిటికన్నా నమ్మకమైన పరీక్ష. ఇక గంటలకొద్దీ కదలని అడ్డగీతలు ఓడ ఇంజనువి. పది పదిహేను సెకన్లకోసారి కింది భాగంలో పడే నిలువు చారలు చమురు సర్వేల్లో నీటిలో గాలిని పేల్చే ఎయిర్‌గన్‌లవి.

ఇప్పుడు అసలు చిక్కు. 1977లో అంతర్జాతీయ తిమింగల వేట కమిషన్ అక్కడి మూలవాసులైన ఇన్యుపియాట్ ప్రజల బోహెడ్ వేటను ఆపేయాలని తీర్మానించింది. ఈ తిమింగలాలు రెండు వేలకు మించవని అప్పటి లెక్క. మంచు అంచున కూర్చుని కంటికి కనబడినవాటిని లెక్కపెట్టేవాళ్లు మరి! మంచు కిందుగా, కంటికి అందనంత దూరంలో కూడా అవి పోతుంటాయని వేటగాళ్లు చెబుతూనే వచ్చారు. 1980ల్లో హైడ్రోఫోన్లు (నీటిలో వినే మైకులు) దించాక వాళ్ల మాటే నిజమైంది. 2011 గణనలో సంఖ్య 17 వేలకు దగ్గరగా వచ్చింది. ఇందులో నిజంగా పెరిగినవీ ఉన్నాయనుకోండి.

కనబడకపోతే లేనట్టు కాదని అప్పుడు తేలింది. వినబడకపోయినా అంతే. గట్టిగా పరుచుకున్న మంచు కింద గాలి, అలల గోల ఉండదు. మంచు ఆలస్యంగా గడ్డకట్టే ఈ రోజుల్లో శరదృతువులో తెరిచి ఉన్న నీటి మీద గాలి చెలరేగుతుంది, ఓడలూ తిరుగుతాయి. హైడ్రోఫోన్ అదే, తిమింగలం గొంతూ అదే, వినబడే దూరం మాత్రం తగ్గిపోతుంది.

లెక్క వేద్దాం. నిశ్శబ్దంగా ఉన్న రోజున ఒక పిలుపు 20 కిలోమీటర్ల నుంచి అందుతోందనుకోండి. గోల 6 డెసిబెల్స్ పెరిగింది. శబ్దం అన్ని వైపులకూ సమంగా పరుచుకుంటే దూరం రెట్టింపయ్యే ప్రతిసారీ 6 డెసిబెల్స్ పోతాయి. అంటే ఇప్పుడు 10 కిలోమీటర్ల నుంచే అందుతుంది. వ్యాసార్థం సగమైతే వైశాల్యం నాలుగో వంతు. గంటకు 40 పిలుపులు పడే చోట 10 పడ్డాయంటే, ఒక్క తిమింగలం కూడా తగ్గకుండానే ఆ తేడా రావచ్చు. అందుకే పిలుపుల లెక్క పక్కన ఆ గంట గోల ఎన్ని డెసిబెల్సో ఇంకో గడిలో రాయండి. ఆ గడి ఖాళీగా ఉన్న లెక్కను నేనైతే పక్కన పెట్టేస్తాను.

అభ్యాసం: లోతు తక్కువైన తీరంలో శబ్దం నేలకీ ఉపరితలానికీ మధ్య ఇరుక్కుని నెమ్మదిగా తగ్గుతుంది. దూరం రెట్టింపైతే 6 బదులు 4.5 డెసిబెల్స్ మాత్రమే పోతాయనుకుని పై లెక్క మళ్లీ వేయండి. 10 కిలోమీటర్ల కన్నా ఎక్కువ వస్తుందా, తక్కువా? వేసే ముందే ఊహించి కాగితం మీద రాసుకోండి. జవాబు 4వ పాఠం మొదట్లో.