అల్యూమినియం మిశ్రమలోహానికి బలం, మన్నిక: అనంతపురం వర్క్‌షాపులకు కొన్ని సూచనలు

అల్యూమినియం భాగానికి బలం కొలిమిలో వచ్చినా, తుప్పును తట్టుకునే గుణం అనొడైజింగ్ (ఆమ్లంలో కరెంటు పంపి లోహంపై ఆక్సైడ్ పొర పెంచడం) తొట్టిలో వచ్చినా, అనంతపురంలో ఈ పని చేసేవారు అన్నిటికంటే ముందు పరీక్షించుకోవలసింది తమ నీటినే అని నా అభిప్రాయం.

మెగ్నీషియం, సిలికాన్ కలిసిన 6061 రకాన్ని తీసుకుందాం. దీనిని సుమారు 530 డిగ్రీల సెల్సియస్ వద్ద, అంగుళం మందానికి దాదాపు గంటసేపు ఉంచితే ఆ రెండు మూలకాలూ లోహంలో పూర్తిగా కరిగి కలిసిపోతాయి. 580 డిగ్రీలు దాటితే లోహం లోపలే కరగడం మొదలవుతుంది కనుక కొలిమి ఉష్ణోగ్రతను భాగానికి ఆనించిన థర్మోకపుల్‌తో చూడాలి. కొలిమి తలుపు తెరిచిన కొన్ని సెకన్లలోనే భాగం నీటిలో మునగాలి. 400 నుంచి 290 డిగ్రీల మధ్య అది నెమ్మదిగా చల్లారితే, కరిగిన మూలకాలు రేణువుల అంచుల వద్ద ముతకగా పేరుకుని, బలాన్నీ తుప్పు నిరోధాన్నీ ఒకేసారి తగ్గిస్తాయి. చల్లార్చే నీరు 40 డిగ్రీలు దాటకూడదు. మన ఏప్రిల్, మే ఎండలకు మిద్దె మీది ట్యాంకు నీరు ఈ పనికి నమ్మదగినది కాదు; నేలలోని సంపు నీటిని, అదీ పుష్కలంగా, వాడడం మేలు.

చల్లార్చిన వెంటనే లోహం మెత్తగా ఉంటుంది కనుక వంకరలు అప్పుడే సరిచేసుకోవాలి. తరువాత 175 డిగ్రీల వద్ద 8 గంటలు ఏజింగ్ చేస్తే, అంటే బలం పెరిగేలా ఆ వేడిలో ఉంచితే, మెత్తబరచిన స్థితిలో 55 మెగాపాస్కల్‌ల దగ్గర ఉండే ఈల్డ్ బలం (శాశ్వతంగా వంగిపోకుండా తట్టుకోగల ఒత్తిడి) సుమారు 275కు చేరుతుంది. మరింత సేపు ఉంచితే ఇంకా పెరుగుతుందనుకోవడం పొరపాటు, అది తగ్గుతుంది. జింక్ ప్రధానంగా కలిసిన 7075 రకంలో మాత్రం కావాలనే ఏజింగ్‌ను ఎక్కువ చేస్తారు. 10 నుంచి 15 శాతం బలం పోయినా, ఒత్తిడి కింద తుప్పుతో పగిలే గుణం బాగా తగ్గుతుంది.

వంచడం, రంధ్రాలు వేయడం అన్నీ ముగిశాకే అనొడైజింగ్ చేయాలి, ఎందుకంటే ఆ పొర వంచితే చిట్లుతుంది. జిడ్డు తీసి, కాస్టిక్ సోడాతో శుభ్రపరచి, నైట్రిక్ ఆమ్లంలో నల్లటి మసి తొలగించి, లీటరుకు 180 గ్రాముల సల్ఫ్యూరిక్ ఆమ్లం ఉన్న తొట్టిలో వేలాడదీయాలి. ఆమ్లాన్నే నీటిలో కలపాలి, నీటిని ఆమ్లంలో ఎన్నడూ పోయరాదు. చదరపు డెసిమీటరుకు 1.5 ఆంపియర్ల చొప్పున గంటసేపు కరెంటు ఇస్తే, ఆరుబయట వాడకానికి చాలిన 25 మైక్రాన్ల పొర ఏర్పడుతుంది. తొట్టి 20 డిగ్రీల దగ్గర ఉండాలి. వేడెక్కితే పొర పొడిపొడిగా, మెత్తగా వస్తుంది కనుక వేసవిలో చిల్లర్ లేకుండా ఈ పని మొదలుపెట్టకపోవడమే మంచిది.

ఆ పొర నిండా సూక్ష్మ రంధ్రాలుంటాయి. మరిగే నీటిలో మైక్రాన్‌కు 3 నిమిషాల చొప్పున ఉంచితేనే అవి మూసుకుపోతాయి. మన జిల్లా బోరు నీటిలో ఫ్లోరైడ్ సమస్య ఎంతటిదో అందరికీ తెలుసు. ఆ ఫ్లోరైడ్, దానితోపాటు సిలికేట్ ఈ మూసుకునే చర్యను అడ్డుకుంటాయి, క్లోరైడ్ అయితే ఆమ్లపు తొట్టిలోనే లోహానికి గుంటలు పెడుతుంది. అందువల్ల ఆమ్లపు తొట్టికీ, మరిగే నీటి తొట్టికీ ఖనిజాలు తొలగించిన నీటినే వాడాలి. పని ముగిశాక ఒక రంగు చుక్క వేసి, కొద్ది నిమిషాల తరువాత కడిగి చూడండి. మరక మిగిలితే రంధ్రాలు ఇంకా తెరిచే ఉన్నట్లు.

కిటికీ చట్రాలైతే బిగించేటప్పుడు ప్లాస్టిక్ టేపు అంటించి ఉంచాలి, ఎందుకంటే పచ్చి సిమెంటులోని క్షారం ఇంత శ్రమతో తెచ్చిన పొరను తినేస్తుంది.