అందరి ముందూ అరిచే మేనేజరుతో ఎలా నెగ్గుకురావాలి

విజయవాడ బీసెంట్ రోడ్డు బట్టల షాపుల్లో పనిచేసేవాళ్లకి ఇది కొత్త కాదు. చీర మడత సరిగ్గా లేదనో, బిల్లులో కోడ్ తప్పిందనో ఫ్లోర్ మేనేజరు కస్టమర్ల ముందే గొంతు పెంచుతాడు. అక్కడికక్కడే ఎదురు చెబితే తప్పు సంగతి పక్కకిపోయి ఎవరి పరువు నిలుస్తుందన్న పంతం మొదలవుతుంది. పదిమంది చూస్తుండగా అతను తగ్గడు.

ఆ క్షణంలో ఒక్క మాట చాలు: "సరిచేస్తానండి. మిగతాది తర్వాత మాట్లాడతాను సార్." తప్పు మీది కాకపోతే, "ఆ బిల్లు నేను కొట్టింది కాదండి, కనుక్కుని చెబుతాను." కారణాలు ఏకరువు పెట్టొద్దు. ఇబ్బందిగా నవ్వినా వెక్కిరింపులాగే కనిపిస్తుంది.

ఆ రాత్రే నోటు పుస్తకంలో తేదీ, టైము, అక్కడున్నవాళ్లు, అన్న మాట అన్నట్టుగా రాసుకోండి. "బూతులు తిట్టాడు" అని రాస్తే పనికిరాదు. మీ వైపు పొరపాటు కూడా రాయండి. దాస్తే రేపు ఓనరు ముందు అదొక్కటే బయటపడి మిగతాదంతా కొట్టుకుపోతుంది.

మర్నాడు స్టాకు సర్దాక, బేరాలు మొదలయ్యేలోపు ఒంటరిగా రెండు నిమిషాలు అడగండి. చాలామంది ఇక్కడే "నన్ను తిట్టొద్దు" అంటారు. అతనికి అది తన పెత్తనం మీదకి వచ్చినట్టుంటుంది. చోటు మార్చమని అడగండి: "తప్పు చేస్తే చెప్పండి సార్, దిద్దుకుంటాను. కస్టమర్ల ముందు కాకుండా గోడౌన్‌లోకి పిలిచి చెప్పండి. వాళ్ల ముందు అరిస్తే నా మాట నమ్మి చీర కొనరు." దీనికి ఒప్పుకుంటే అతనికి పోయేదేమీ లేదు. "మీరెప్పుడూ ఇంతే" అన్నారా, పాత పద్దులన్నీ లేస్తాయి. తోడుగా ఇంకొకరిని తీసుకెళ్తే జట్టు కట్టారనుకుంటాడు. ఆషాఢం సేల్ రోజుల్లో అసలు కదపొద్దు.

వాట్సాప్ గ్రూపులో తిట్టినా అందరి ముందు తిట్టినట్టే. "చూశానండి" అని ఊరుకుని, మెసేజ్ చెరిపేసేలోపు స్క్రీన్‌షాట్ తీసుకోండి.

మూడోసారీ అదే వరసైతే ఓనరు దగ్గరికి వెళ్లాలి. మేనేజరు ఆయన బావమరిదైతే (అరుదేమీ కాదు) మీ బాధ కంటే బేరం సంగతి చెప్పండి: ఆ అరుపులకి ఏ రోజు ఎవరు కొనకుండా లేచిపోయారో.

కొన్ని మాటలకి ఈ ఓపిక అక్కర్లేదు. ఎస్సీ, ఎస్టీ ఉద్యోగిని ఆ వర్గాలకి చెందనివాడు నలుగురిలో కులం పేరుతో దూషిస్తే 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసవుతుంది. ఆడవాళ్లని లైంగికంగా కించపరిస్తే, పదిమంది, అంతకు మించి పనిచేసేచోట అంతర్గత కమిటీ ఉండి తీరాలి. అది జరిగిన 3 నెలల్లోపు ఆ కమిటీకి రాతపూర్వకంగా ఫిర్యాదివ్వాలి.

కోపంలో మానేసి బయటికి రావొద్దు. రాష్ట్ర దుకాణాలు, సంస్థల చట్టం (1988) ప్రకారం 6 నెలలు ఏకధాటిగా పనిచేసినవాళ్లని తీసేయాలంటే సరైన కారణం ఉండాలి, నెల ముందు నోటీసో, నెల జీతమో ఇవ్వాలి. మీ అంతట మీరే మానేస్తే అది అడగలేరు. న్యాయ సేవా సంస్థల సలహాకి 15100కి ఫోన్ చేసేటప్పుడు ఆ నోటు పుస్తకం దగ్గర పెట్టుకోండి.