మేక గుండెకాయ కోసి చూడటం ఎలా? (కత్తెర పట్టుకునే ముందు చదవండి)

మన స్టేట్ సిలబస్ పదో తరగతి జీవశాస్త్రంలో ఏళ్ల తరబడి ఉన్న యాక్టివిటీయే ఇది, అయినా చాలాచోట్ల చేసే తీరు చూస్తే ఒళ్లు మండుతుంది. గుండెని బల్ల మీద పెట్టి టమాటా కోసినట్టు నిలువునా రెండు చేసేసి, "ఇదిగో నాలుగు గదులు, రాసుకోండి" అనేసి బెల్ కొట్టేలోపు చెత్తబుట్టలో పడేస్తారు. గదులు చూడ్డానికైతే గోడ మీద చార్టు చాలదా? రక్తం వెనక్కి రాకుండా ఆపే తలుపుల్లాంటి కవాటాలు పని చేయడం చూడాలి, అది చార్టులో కనపడదు.

కావాల్సినవి: గుండెకాయ, ఒక మొన మొద్దుగా ఉన్న చిన్న కత్తెర, ట్రే, గ్లవ్స్, జగ్గుతో నీళ్లు, నాలుగు స్ట్రాలు, టూత్‌పిక్‌లు. బ్లేడు వద్దు, ఎవరు చెప్పినా సరే వద్దు. మొన ఎక్కడ దిగుతోందో తెలీదు, లోపలున్నవన్నీ తెగిపోతాయి.

మటన్ షాపుకి ఆదివారం పోకండి, రద్దీలో మీ మాట ఎవరూ వినరు. ముందురోజే చెప్పి ఉంచండి, "అన్నా, గుండెకాయకి గాటు పెట్టకు, పైన గొట్టాలు కోసెయ్యకు, ఊపిరితిత్తులతో కలిపి ఇచ్చినా పర్లేదు" అని. చెప్పకపోతే అలవాటుకొద్దీ గాటు పెట్టి గడ్డకట్టిన రక్తం తీసేసి ఇస్తారు, ఇక అది కూరకే పనికొస్తుంది. ఫ్రీజర్లో పెట్టింది కూడా నేను తీసుకోను, అదే రోజుది కావాలి.

ఇంటికొచ్చాక కుళాయి కింద కడగండి, లోపలి రక్తం గడ్డలు వేలితో తీసెయ్యండి. పైన పలచటి సంచిలా ఉండేది హృదయావరణం, ఒలిచేయండి. అంతే, ఇందులో పెద్ద విద్యేం లేదు.

ఇప్పుడు కుడి ఎడమలు. ముందువైపు మీకు కనపడేలా పెట్టండి. ముందువైపు ఏదంటే, కొవ్వు నిండిన గాడి ఒకటి ఏటవాలుగా దిగుతూ ఉంటుంది, అందులోనే గుండె కండరానికి రక్తమిచ్చే హృదయ ధమని పోతుంది. గుండె ఎడమ మీకు కుడిచేతి వైపుంటుంది. నమ్మకం కుదరకపోతే రెండు పక్కలా నొక్కి చూడండి, గట్టిగా ఉన్నది ఎడమ జఠరిక (కింది గది), మెత్తగా లొంగేది కుడి. కింద మొన కూడా ఎడమదే. టూత్‌పిక్ గుచ్చి గుర్తు పెట్టుకోండి, లేకపోతే అటూ ఇటూ తిప్పాక మళ్లీ మొదటికొస్తారు.

స్ట్రాలు గొట్టాల్లోకి దించండి. గోడ మందంగా ఉండి నోరు తెరుచుకునే ఉన్నవి ధమనులు, చప్పిడిగా పడిపోయినవి సిరలు. అన్నింటికన్నా ముందు కనిపించేది ఊపిరితిత్తులకి పోయే పుపుస ధమని, అది కుడి జఠరికలోకి దిగుతుంది. దాని వెనకున్నది ఒళ్లంతటికీ రక్తమిచ్చే బృహద్ధమని, ఎడమలోకి దిగుతుంది. స్ట్రాని బలంగా తొయ్యకండి, కవాటం చిరుగుతుంది.

ఇక అసలు సంగతి. కోతకన్నా ముందు నీళ్ల పరీక్ష, ఈ వరస తప్పితే మిగతాదంతా వృథా. ఎడమ కర్ణిక (పై గది) పైకప్పు మాత్రం కత్తిరించి తీసెయ్యండి. కొవ్వు పట్టీలా గుండె చుట్టూ తిరిగే అడ్డగాడి ఉంటుంది చూడండి, దాని పైనే ఆగాలి, గాడిని తాకారంటే ఎడమ కర్ణికకీ జఠరికకీ మధ్యనుండే అగ్రద్వయ కవాటం పోయినట్టే. లోపల రెండు తెల్లటి పలచటి రేకులు కనిపిస్తాయి. జఠరిక నిండా నీళ్లు పోసి, రెండు చేతులతో గుండెని పట్టుకుని పిండండి. రేకులు పైకి లేచి ఒకదానికొకటి అతుక్కుంటాయి, నీళ్లు వెనక్కి రాకుండా బృహద్ధమనిలోంచి ఎగజిమ్ముతాయి. స్టెతస్కోపులో వినే 'లబ్' ఇలాంటి కవాటాలు మూసుకున్నప్పటిదే, 'డబ్' ధమనుల మొదట్లో ఉండే అర్ధచంద్రాకార కవాటాలది. తొందరపడి పిండకండి, రెండు మూడుసార్లు నెమ్మదిగా చేస్తేనే పిల్లలందరికీ కనపడుతుంది.

తర్వాతే కోత. ఎడమ అంచు మీద మొనకి కొంచెం పైన చిన్న గాటు పెట్టి, వేలు దూర్చి తడిమి చూడండి. బొడిపెల్లా రెండు కండరాలు తగులుతాయి, వాటి నుంచే తెల్లటి దారాలు కవాటం రేకులకి పోతాయి. కత్తెర మొద్దు మొన లోపలికి పెట్టి సరిగ్గా ఆ రెండింటి మధ్యగా పైకి కొయ్యండి, అడ్డగాడికి వేలెడు కిందే ఆగిపోండి. నూటికి తొంభైమంది ఇక్కడే ఊపులో పైదాకా కోసేస్తారు. ఆ దారాలు తెగితే రేకుని పట్టి ఉంచేదేం ఉండదు, జఠరిక పిండినప్పుడు అది కర్ణికలోకి తిరగబడిపోతుంది. దారాన్ని వేలితో లాగి చూడండి, ఎంత గట్టిదో తెలుస్తుంది.

కుడి పక్క సులువు, ముందువైపు గాడికి సమాంతరంగా కోసుకోండి. గోడ ఎడమదానిలో మూడోవంతుకి అటూఇటూగా ఉంటుంది. ఇక్కడ ఒక తప్పుడు మాట చాలామంది చెప్తారు, ఎడమది ఎక్కువ రక్తం పంపుతుంది కాబట్టి మందం అని. కాదు. రెండూ పంపేది ఒకే కొలత, మనిషిలో అయితే ఒక్కో దెబ్బకి సుమారు 70 మిల్లీలీటర్లు, నిమిషానికి 72 దెబ్బలంటే దగ్గరదగ్గర 5 లీటర్లు. తేడా ఒత్తిడిలో ఉంది: కుడిది పక్కనున్న ఊపిరితిత్తులకి పంపితే చాలు, 25 పాదరసం మిల్లీమీటర్లతో పనైపోతుంది, ఎడమది ఒళ్లంతా తిప్పాలి కాబట్టి 120 దాకా కావాలి.

రెండు జఠరికల మధ్య గోడని వేళ్లతో నొక్కి చూడండి, ఎక్కడా రంధ్రం ఉండదు. ప్రాచీన గ్రీకు వైద్యుడు గేలెన్ కాలం నుంచి అందులో కంటికి కనపడని రంధ్రాలున్నాయనే శతాబ్దాలపాటు చదువుకున్నారు. 13వ శతాబ్దంలో అరబ్ వైద్యుడు ఇబ్న్ అల్ నఫీస్ కాదన్నాడు, 1628లో ఇంగ్లండు వైద్యుడు విలియం హార్వే రక్తం గుండ్రంగా తిరిగొస్తుందని లెక్కలతో సహా చూపించాడు. ఇలాంటివి వేలితో తడిమి తెలుసుకోవాలి, అందుకే ఫార్మలిన్ (కుళ్లకుండా ఉంచే మందు) జాడీలో గుండె చూపించి సరిపెట్టే పద్ధతి నాకు నచ్చదు, బిరుసెక్కిన దాన్ని వేలితో తడిమితే ఏం తెలుస్తుంది?

అయిపోయాక వండుకోవచ్చా అని ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు. ఇంతమంది చేతులు పడి, ఎండలో గంటలకొద్దీ ట్రేలో ఉన్నదాన్ని తినకండి. కవర్లో కట్టి పారేయండి, కత్తెర, ట్రే బ్లీచింగ్ నీళ్లతో కడగండి, వంటింటి కత్తెర మాత్రం అసలు తేవద్దు.