గోల్ఫ్ ఐరన్ల మీద చెరిగిన అంకెలకు మళ్లీ రంగు

హైదరాబాద్‌లో ఉండే మా బావ తన పాత గోల్ఫ్ సెట్ నాకిచ్చాడు. హనుమకొండలో గోల్ఫ్ ఏందిరా అని ఇంట్లో నవ్వారు, అది వేరే సంగతి. ఐరన్ల (లోహపు తల ఉండే గోల్ఫ్ కర్రల) అడుగున చెక్కిన అంకెల్లో రంగు ఊడిపోయి, ఏది 7, ఏది 8 అన్నది చూడగానే తెలియట్లేదు.

అసిటోన్ ఉన్న నెయిల్ పాలిష్ రిమూవర్‌లో పాత టూత్‌బ్రష్ ముంచి మట్టి, పాత రంగు తీసేశాను. మొండిగా పట్టుకున్నదాన్ని టూత్‌పిక్‌తో గీకాలి. అసలు జాగ్రత్త ఇక్కడే: తల, కడ్డీ కలిసే చోట ఉన్న నల్ల ప్లాస్టిక్ రింగుకు అసిటోన్ తగిలితే మెత్తబడి పాడవుతుంది. గ్రాఫైట్ కడ్డీకి, రంగేసిన డ్రైవర్ (బంతిని దూరం కొట్టే పెద్ద కర్ర) తలకూ తగలనివ్వద్దు.

తర్వాత టూత్‌పిక్ మొనతో ఎనామెల్ రంగు చుక్క వదిలితే అదే గాడిలోకి పాకుతుంది. అంచు దాటినా టెన్షన్ వద్దు. పైన కాస్త ఆరాక, పాత ఏటీఎం కార్డుకు గుడ్డ బిగించి, రిమూవర్‌తో కొంచెమే తడిపి పైపైన తుడవాలి. వేలితో తుడిస్తే గుడ్డ గాడిలోకి దిగి రంగంతా లాక్కొస్తుంది.

మా దగ్గర మే నెల ఎండకు రంగు తుడిచేలోపే గట్టిపడుతుంది, అందుకే నీడలో చేశాను. బంతి తగిలే ముఖం మీది గీతల జోలికి మాత్రం పోలేదు. అక్కడ రంగు ఎలాగూ నిలవదు.