రోడ్డు మీద సైకిళ్లు లెక్కపెట్టడం ఎలా? సైకిల్ సంఘాల వాలంటీర్ లీడర్ల కోసం

మీ ఊళ్లో సైకిల్ సంఘాన్ని మీరే నడిపిస్తున్నారనుకుందాం. ఆదివారం రైడ్‌కి జనం బాగానే వస్తున్నారు. సోమవారం మున్సిపల్ ఆఫీసుకెళ్లి "ఈ రోడ్డుకి సైకిల్ ట్రాక్ కావాలి సార్" అని అడుగుతారు. ఇంజనీరు తల ఎత్తి ఒక్కటే అడుగుతారు: "అసలు ఆ రోడ్డు మీద సైకిళ్లు ఎన్ని పోతున్నాయండీ?" చాలా సంఘాల దగ్గర దీనికి జవాబు ఉండదు. ఉన్న కొద్దిమంది దగ్గరా ఉండేది తప్పు లెక్క. తప్పు లెక్క తీసుకెళ్లడం కంటే ఉత్తచేతులతో వెళ్లడమే మేలు. ఒకసారి నమ్మకం పోయిందంటే ఆ ఆఫీసులో మీ తర్వాతి కాగితాన్ని ఎవరూ చదవరు.

హైదరాబాద్‌లో పారిశ్రామికవాడల చుట్టూ ఈ లెక్కలు చాలా కాలంగా చేయిస్తున్నాను. అందరూ ఒకే చోట పాడుచేస్తున్నారు కాబట్టి ఇది రాస్తున్నాను.

కావాల్సినవి

నలుగురు మనుషులు, పరీక్షలకు వాడే అట్టలు రెండు, గళ్లు గీసిన కాగితాలు, బాల్ పెన్నులు, ఒక వాచీ, మంచినీళ్లు, మెరిసే జాకెట్లు. పెన్సిల్ వద్దు. చెరిపిన మచ్చ కనబడితే ఆ కాగితం మీద అనుమానం పుడుతుంది. తప్పు పడితే కొట్టేసి పక్కన రాయాలి, అంతే. ఫోన్లో యాప్ కూడా వద్దు. తెల్లవారుజామున మసక వెలుతురులో స్క్రీన్ చూసి తల ఎత్తేసరికి కళ్లు అలవాటు పడక రెండు సైకిళ్లు దాటిపోతాయి.

రోడ్డు, రోజు

మీకు నచ్చిన రోడ్డు కాదు, పనివాళ్లు తిరిగే రోడ్డు ఎంచుకోండి. జీడిమెట్ల, బాలానగర్, చర్లపల్లి, పటాన్‌చెరు వైపు వెళ్లే దారులు చూడండి. విజయవాడ అయితే ఆటోనగర్, విశాఖ అయితే గాజువాక. ఆ రోడ్డు ఎవరిదో ముందే తెలుసుకోండి. అది మున్సిపాలిటీదా, ఆర్ అండ్ బీదా, జాతీయ రహదారుల సంస్థదా, పారిశ్రామికవాడ స్థానిక సంస్థదా? తప్పు ఆఫీసుకి వెళ్తే నెలలు పోతాయి.

మంగళ, బుధ, గురువారాల్లోనే చేయండి. పండగ వారం, వాన రోజు, బడులు లేని రోజులు వద్దు. సంక్రాంతికి సగం హైదరాబాద్ ఊళ్లకు వెళ్లిపోతుంది, ఆ వారం లెక్కకి విలువ లేదు. లెక్క ఉందని ముందు రోజు స్థానిక పోలీస్ స్టేషన్లో ఒక మాట చెప్పి ఉంచండి. రోడ్డు పక్కన అట్టలు పట్టుకుని నిలబడితే ఎవరో ఒకరు వచ్చి అడుగుతారు.

అసలు కష్టం: లెక్కపెట్టడం

ఇక్కడి నుంచి తొందరపడకుండా చదవండి. పాడయ్యే లెక్కలన్నీ ఇక్కడే పాడవుతాయి.

మొదటి తప్పు టైములోనే జరుగుతుంది. వాలంటీర్లు ఎక్కువమంది ఆఫీసు ఉద్యోగులు. కాబట్టి వాళ్లకు వీలైన టైము, అంటే ఎనిమిదిన్నర నుంచి పదిన్నర వరకు నిలబడి, "పెద్దగా సైకిళ్లేం లేవు" అని రాసుకుని వెళ్లిపోతారు. ఫ్యాక్టరీల్లో మామూలుగా మూడు షిఫ్టులు: ఉదయం ఆరు, మధ్యాహ్నం రెండు, రాత్రి పది. ఆరు గంటల షిఫ్టుకి వెళ్లే మనిషి అయిదుంబావుకే రోడ్డెక్కుతాడు. రాత్రి డ్యూటీ దిగినవాడు ఆరున్నరకి ఎదురొస్తాడు. ఆ వెంటనే పాలవాళ్లు, పేపర్ కుర్రాళ్లు, సెక్యూరిటీ గార్డులు, అడ్డా మీదకు చేరే కూలీలు, ఆపైన బడిపిల్లలు. ఎనిమిదిన్నరకి మీరు వచ్చేసరికి వీళ్లలో సగానికి పైగా ఎక్కడ ఉండాలో అక్కడికి చేరిపోయి ఉంటారు. ఉదయం అయిదు నుంచి పది వరకు, మళ్లీ మధ్యాహ్నం ఒకటిన్నర నుంచి మూడు వరకు, సాయంత్రం నాలుగున్నర నుంచి ఎనిమిదిన్నర వరకు లెక్కపెట్టాలి. మనుషులు చాలకపోతే సాయంత్రం వదిలేయండి గానీ, తెల్లవారుజామును మాత్రం వదలొద్దు.

రెండోది, గీత. రోడ్డుకి అడ్డంగా మీ కంటికి మాత్రమే కనబడే ఒక గీత ఉండాలి. ఈవైపు కరెంటు స్తంభం, ఆవైపు ఏదో షాపు షట్టరు, ఆ రెంటినీ కలిపేదే గీత. ముందు చక్రం ఆ గీత దాటినప్పుడే కాగితం మీద ఒక గీటు వేయండి. దూరంగా వస్తున్నది చూసి ముందే వేసేస్తే ఆ మనిషి మధ్యలో సందులోకి తిరిగిపోవచ్చు. ఈ గీత చౌరస్తాలో అస్సలు పెట్టొద్దు. చౌరస్తాలో ఒకే సైకిల్ రెండు వైపుల వాళ్లకీ కనబడుతుంది, ఇద్దరూ రాసేస్తారు. చౌరస్తాకి దూరంగా, సందులు తగలని చోట నిలబడండి. ఫుట్‌పాత్ మీదే ఉండండి, రోడ్డు మీదకు దిగొద్దు.

ఒక్కో దిక్కుకి ఇద్దరు. ఒకరు చూసి చెప్పాలి, ఇంకొకరు రాయాలి. రాసేవాళ్లు రోడ్డు వైపు చూడకూడదు. చూస్తే తాము చూసింది కూడా కలిపి రాస్తారు. నాలుగు నిలువు గీట్లు, అయిదోది వాటి మీద అడ్డంగా. గంటకోసారి ఇద్దరూ పనులు మార్చుకోండి, కళ్లు అలసిపోతాయి. హెడ్‌ఫోన్లు, కబుర్లు, టీకి వెళ్లి రావడం ఉండవు. టీ తెప్పించుకోండి.

పదిహేను నిమిషాలకి ఒక గడి ఉండాలి, గంటకొకటి కాదు. కారణం ఉంది. రోడ్ల ప్రమాణాలు తయారుచేసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) 1962లో తెచ్చిన ఐఆర్‌సీ 11 అనే మార్గదర్శకం సైకిల్ ట్రాకుల గురించినది. దాని ప్రకారం గంటకి 200కి మించి మోటారు బండ్లు తిరిగే రోడ్డు మీద, రద్దీ గంటలో 100 సైకిళ్లు పోతే చాలు, విడిగా ట్రాక్ వేయడం సమంజసమే. 2015లో ఐఆర్‌సీ 11ను సవరించారు. అయినా ఆ వంద సంఖ్య సివిల్ ఇంజనీరింగ్ విద్యార్థులు ఇప్పటికీ చదువుకునేదే. మీ ఎదురుగా కూర్చున్న ఇంజనీరుకి అది కొత్త కాదు. మన నగరాల్లో గంటకి 200 మోటారు బండ్లు లేని పెద్ద రోడ్డు ఎక్కడుంది? కాబట్టి మీరు చూపించాల్సింది ఆ వంద. అది అయిదుంబావు నుంచి ఆరుంబావు మధ్యలో దొరకొచ్చు. గంటల గడులు పెట్టుకుంటే ఆ జనం అయిదు గడిలో కొంత, ఆరు గడిలో కొంత చీలిపోయి ఎక్కడా వంద కనబడదు. పదిహేను నిమిషాల గడులైతే వరసగా ఏ నాలుగింటినైనా కూడుకోవచ్చు.

ఇక దేన్ని సైకిల్ అనాలి? పొద్దున్నే మొదలయ్యే గొడవ ఇదే కాబట్టి ముందే తేల్చుకుని కాగితం మీద రాసి పెట్టండి. మనిషి తొక్కుతున్నది ఏదైనా సైకిలే. పాల క్యాన్లు వేలాడుతున్నా, టీ ఫ్లాస్కు కట్టి ఉన్నా, గేర్లున్నా లేకపోయినా. మూడు చక్రాల రిక్షా బండికి వేరే వరస. పెడల్ ఉన్న బ్యాటరీ సైకిల్‌కి వేరే వరస. స్కూటర్‌లా ఉండే బ్యాటరీ బండి లెక్కలోకి రాదు. ఒక సైకిల్ మీద ఇద్దరుంటే ఒక సైకిల్, ఇద్దరు మనుషులు. మనుషుల వరస విడిగా ఉండాల్సిందే, ఎందుకో కింద చెప్తాను. ఆడవాళ్లకీ పిల్లలకీ ఒక్కో వరస పెట్టండి. ఆ వరసలు ఖాళీగా ఉంటే అది కూడా చెప్పాల్సిన విషయమే. ఆ రోడ్డు మీద సైకిల్ తొక్కడానికి ఎవరు భయపడుతున్నారో అది చూపిస్తుంది.

రాంగ్ రూట్‌లో వచ్చేవాళ్లని వదిలేయొద్దు. "రూల్స్ పాటించనివాళ్లని లెక్కపెడితే మనకే చెడ్డపేరు" అని ప్రతిసారీ ఒక వాలంటీర్ అంటారు. పొరపాటు. వాళ్లకి ఇంకో వరస పెట్టి తప్పకుండా రాయండి. డివైడర్‌కి సందు కిలోమీటరున్నర అవతల ఉంటే, ఎదురుగా కనబడే ఫ్యాక్టరీ గేటుకి వెళ్లడానికి ఆ మనిషి అంత దూరం పోయి యూటర్న్ తీసుకుని వెనక్కి తొక్కాలి. బండి మీద పోయేవాళ్లకి అది నాలుగైదు నిమిషాలు, కాళ్లతో తొక్కేవాళ్లకి పావుగంట. రాంగ్ రూట్ వరస నిండిందంటే అక్కడ దాటే దారి లేదని అర్థం. అలాగే ఫ్లైఓవర్ మొదట్లోనో గుంతల దగ్గరో దిగి సైకిల్ నడిపించుకుంటూ పోయేవాళ్లూ ఉంటారు. వాళ్లనీ లెక్కపెట్టి పక్కన "న" అని రాయండి.

సైకిల్ ఒక్కటీ రాని గడిలో సున్నా రాయాలి. ఖాళీగా వదిలితే అది సున్నానో, మీరు లేచి వెళ్లారో ఎవరికీ తెలియదు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇది: మీ సంఘం సైకిళ్లు ఆ గీత దాటకూడదు. లెక్క రోజు రైడ్ పెట్టొద్దు. వాట్సాప్ గ్రూపులో "రేపు లెక్క ఉంది, అందరూ ఆ దారిన రండి" అని ఎవరైనా పెడితే ఆ లెక్క రద్దు చేసి ఇంకో వారం పెట్టుకోండి. తేదీ ఆ నలుగురికి తప్ప ఎవరికీ తెలియకూడదు. మంచి పనికోసమే కదా అని సంఖ్య పెంచేవాళ్లని చూశాను. ఇంజనీరు తన మనిషిని ఒక ఉదయం పంపి లెక్కపెట్టిస్తే అయిదు నిమిషాల్లో బయటపడుతుంది. ఆ తర్వాత ఆ రోడ్డు మీద నిజంగా సైకిల్ తొక్కేవాళ్ల గోడు వినేవాళ్లుండరు.

రైడ్ ఎందుకు సరిపోదు

ఆదివారం రైడ్లు మానేయమనడం లేదు. కొత్తవాళ్లకి ధైర్యం వచ్చేది వాటివల్లే. కానీ వాటినే పట్టుకుని వేలాడితే అధికారుల దృష్టిలో సైకిల్ అంటే వ్యాయామం అయిపోతుంది. హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబరులో 23 కిలోమీటర్ల సోలార్ పైకప్పు ట్రాక్ ప్రారంభించారు. నీడ ఉంది, దీపాలున్నాయి, తొక్కడానికి చాలా బాగుంటుంది. జీడిమెట్లలో ఆరు గంటల షిఫ్టుకి వెళ్లే మనిషికి అది దారిలో తగలదు. అతను పోయే రోడ్డు కోసం అడగాలంటే అతను ఉన్నాడని ముందు కాగితం మీద కనబడాలి.

మనుషుల వరస ఎందుకన్నానో ఇప్పుడు చెప్తాను. ట్రాఫిక్ లెక్కల్లో ప్రతి బండినీ కారుతో పోల్చి "పీసీయూ"లుగా మారుస్తారు. ఐఆర్‌సీ పట్టికల్లో సైకిల్ విలువ కారులో సగం, కొన్నిచోట్ల అంతకన్నా తక్కువ. అంటే వంద సైకిళ్లు యాభై కార్లై, పెద్ద పట్టికలో ఒక మూలన చేరిపోతాయి. మీ కాగితంలో పీసీయూ రాయకండి, మనుషులనే రాయండి. 2006 జాతీయ పట్టణ రవాణా విధానం చెప్పిందీ అదే: కదలాల్సింది వాహనాలు కాదు, మనుషులు. ఆ మాట మీ అర్జీలో ఒక్క వాక్యంగా పెడితే చాలు.

లెక్క అయ్యాక

ఆ రోజే, అక్కడే కాగితాలు లీడర్ చేతికి రావాలి. ఇంటికి తీసుకెళ్లి రేపు ఫొటో పంపిస్తామన్న కాగితం తిరిగి వచ్చినట్టే ఉంటుంది, రాదు. నలుగురూ సంతకం చేసి, తేదీ, గీత ఉన్న చోటు, వాతావరణం రాయాలి. వేరే రెండు రోజులు కూడా ఇలాగే చేసి మూడింటి సగటు తీయండి. ఒక్కరోజు లెక్కని నేను ఏ ఆఫీసుకీ తీసుకెళ్లను.

అంతా ఒక్క పేజీలోకి తెండి. పైన రద్దీ గంట సంఖ్య, కింద మిగతావి, చివర ఒకే ఒక కోరిక. వంద దాటితే ట్రాక్ అడగండి. దాటకపోతే ఉన్న సంఖ్యనే రాసి దానికి తగ్గది అడగండి: డివైడర్‌లో దాటే సందు, వెలగని వీధిదీపాలకు మరమ్మతు, డ్రైనేజీ జాలీలు సరిచేయడం. జాలీ కమ్మీలు రోడ్డు పొడవునా ఉంటే సైకిల్ టైరు సరిగ్గా వాటి మధ్య దిగబడుతుంది. వాటిని అడ్డంగా తిప్పి బిగించమని అడగడం చిన్న పని, తొందరగా అవుతుంది, తొక్కేవాళ్ల పళ్లు రాలకుండా కాపాడుతుంది.

తెలంగాణలో అయితే, అధికారులు జనం అర్జీలు తీసుకునే సోమవారం ప్రజావాణిలో ఇవ్వండి. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద ఇన్‌వార్డ్ స్టాంపు వేయించుకోండి. స్టాంపు లేకుండా ఆఫీసు మెట్లు దిగొద్దు. నెల దాటినా కదలిక లేకపోతే పది రూపాయలు కట్టి సమాచార హక్కు కింద రెండే ప్రశ్నలు అడగండి: మా అర్జీ మీద ఏం చర్య తీసుకున్నారు, ఈ రోడ్డు డిజైన్‌లో సైకిల్ ట్రాక్ ఉందా? 30 రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే మొదటి అప్పీలు వేయండి. పది ప్రశ్నలు వేస్తే పది విభాగాలకు బదిలీ చేసి కూర్చుంటారు.

ఇంజనీరు రోడ్డు చూడటానికి వస్తానంటే పదకొండు గంటలకి ఒప్పుకోవద్దు. ఉదయం అయిదున్నరకి రమ్మని మర్యాదగా, గట్టిగా అడగండి. మీరు నిలబడిన స్తంభం దగ్గరే ఆయన్నీ నిలబెట్టి, ఒక అట్ట చేతికిచ్చి, ఒక పదిహేను నిమిషాల గడి ఆయన చేతే నింపించండి.