పెరటి కాంక్రీటు పగలగొట్టడం, 3వ పాఠం: రాయి ఎక్కడ పెట్టాలి?

కిందటి పాఠం చదివి పని మొదలుపెట్టిన వారిలో చాలామంది ఒకే మాట రాశారు. గచ్చు అంచున మట్టి తవ్వారు, గడ్డపారతో పలకను లేపారు, కింద రాయి దూర్చారు, సమ్మెట వేశారు. అయినా పగల్లేదు. సమ్మెట ఎగిరింది, చేతులు జివ్వుమన్నాయి, పైన తెల్లటి పొడి మాత్రం రాలింది. ఈసారి గేటు ముందు ర్యాంపు గురించి చెప్పాల్సి ఉంది. దాన్ని వాయిదా వేస్తున్నాను. ఇది తేలకుండా ర్యాంపు జోలికి వెళితే నడుములు పోతాయి.

పొడి రాలిందంటే దెబ్బ గట్టిగానే పడింది. తప్పంతా రాయి పెట్టిన చోటుది. సమ్మెట పడే చోటికి సరిగ్గా కిందనే రాయి పెట్టారు. ఆధారం ఉంటే దెబ్బ బాగా తగులుతుందని అనిపిస్తుంది, కానీ జరిగేది దానికి పూర్తిగా విరుద్ధం. కాంక్రీటు నలుగుడును ఓర్చుకుంటుంది, సాగడాన్ని ఓర్చుకోదు. ఇళ్లకు వాడే ఎం20 రకం కాంక్రీటు 28 రోజులు గట్టిపడ్డాక చదరపు మిల్లీమీటరుకు 20 న్యూటన్ల ఒత్తిడిని తట్టుకోవాలి. అదే కాంక్రీటును సాగదీస్తే సుమారు పదో వంతు బలానికే చీలిపోతుంది. పైన సమ్మెట, కింద రాయి ఉంటే మధ్యలో ఉన్నది నలుగుతుందే తప్ప సాగదు. దాని బలం ఎక్కడుందో అక్కడే మీరు కొడుతున్నారు.

రాయిని అంచు దగ్గరకు జరపండి. పలక ఒక కొస రాయి మీద, రెండో వైపు నేల మీద ఆనాలి. మధ్యలో గాలి తప్ప ఏమీ ఉండకూడదు. రాయి నుంచి సుమారు అడుగు లోపలికి, ఆ ఖాళీ మీద కొట్టండి. పలక కొద్దిగా వంగుతుంది, కింది భాగం సాగుతుంది, చీలిక అక్కడ పుట్టి పైకి వస్తుంది. అందుకే మొదటి దెబ్బలకు పైన ఏమీ కనిపించదు. చాలామంది ఇక్కడే ఓపిక పోగొట్టుకుని చోటు మారుస్తారు. మార్చకండి. చప్పుడు వినండి. ఖంగుమని మోగుతున్న పలక ఏదో ఒక దెబ్బకు బొంగురుగా పలుకుతుంది. అడుగున చీలిక పడిందన్నమాట. అదే చోట ఇంకో రెండు దెబ్బలు వేస్తే పైన వెంట్రుకంత గీత కనిపిస్తుంది.

పలక అసలు లేవడం లేదన్నవారు దాని బరువు లెక్క చూసుకోండి. 4 అంగుళాల మందం ఉంటే చదరపు అడుగుకు 22 కిలోల పైనే. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పున్న గచ్చు రెండు టన్నులు దాటుతుంది. దాన్ని లేపాలని గడ్డపార మీద వేలాడకండి. అంచు కింద మట్టిని అడుగు లోతు వరకు లోపలికి తొలిచి, వేలాడుతున్న భాగాన్ని కొస దగ్గర కొట్టండి. అప్పుడు సాగేది పైభాగం కాబట్టి చీలిక వెంటనే కంటికి కనిపిస్తుంది. నా మటుకు నాకు రాయి పెట్టడం కన్నా ఈ పద్ధతే ఇష్టం. చాకిరేవు బండ చుట్టూ వేసిన గచ్చుకు ఇది మరీ అనుకూలం, ఏళ్ల తరబడి నీళ్లు పడి కింద మట్టి మెత్తగా ఉంటుంది. సమ్మెట 8 పౌన్లది చాలు. అంతకన్నా బరువైనది మధ్యాహ్నానికి గురి తప్పుతుంది.

చీలికలు పడినా ముక్క ఊడి రాకపోతే కారణం రెండే. కంకర రాళ్లు ఒకదానిలో ఒకటి ఇరుక్కుని ఉండాలి, లేదా లోపల చువ్వలు ఉండాలి. మొదటి దానికి అంచున ఉన్న చిన్న ముక్కను ముందు తీసేయండి, పెద్దది జరగడానికి చోటు దొరుకుతుంది. చువ్వలుంటే ఆగండి. ఆ చువ్వ ఇంటి గోడలోకో, పునాది దూలంలోకో, సంపు పైకప్పులోకో వెళుతుంటే దాన్ని ముట్టుకోకుండా ఇంజనీరుకు చూపించండి. ఇందులో బేరం లేదు.

మీటరు దగ్గర గచ్చులో ఇనుప గొట్టం తల కనిపిస్తే అది ఎర్తింగు కావచ్చు. బోరు మోటారు తీగ కూడా తరచుగా పెరటి గచ్చు కిందే పోతుంది. మెయిన్ ఆపకుండా ఆ రెండింటి దరిదాపుల్లో గడ్డపార దింపకండి.

శకలాలను చెత్తబండిలో వేయకండి, రోడ్డు పక్కన పోయకండి. నిర్మాణ, కూల్చివేత వ్యర్థాల నిబంధనలు వీటిని వేరుగా ఉంచమంటున్నాయి. హైదరాబాదులో జీడిమెట్ల, ఫతుల్లాగూడల్లో వీటిని కంకరగా, ఇసుకగా మార్చే కేంద్రాలున్నాయి. మంచి ముక్కలు కొన్ని మాత్రం అట్టిపెట్టుకోండి, ర్యాంపు కింద నింపడానికి పనికొస్తాయి.

అభ్యాసం: మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు గచ్చు ఎంచుకోండి. అద్దె యంత్రం వద్దు. ప్రతి దెబ్బల విడతకు ముందు చీలిక ఎటు పోతుందో సుద్దతో గీయండి. తర్వాత అసలు చీలికను పక్కన వేరే రంగుతో గీయండి. రెండూ నాలుగు వేళ్ల దూరం దాటితే కింద చెయ్యి పెట్టకుండా పుల్లతో తడిమి, మట్టి ఎక్కడ ఆనుతోందో వెతికి, తొలిచి, మళ్లీ కొట్టండి. వరుసగా ఐదు చీలికలు మీ గీత వెంట వచ్చాకే ర్యాంపు పాఠం చదవండి.