చేతిబొమ్మతో కథ చెబుతూ చిన్నపిల్లలకు వినడం ఎలా నేర్పాలి?

"చప్పుడు చేయకుండా వినండి" అంటే నాలుగైదేళ్ల పిల్లలు చేతులు కట్టుకుని కూర్చుంటారు గానీ, విన్నదీ లేనిదీ మనకు తెలియదు. కథను తప్పుగా వినే బొమ్మ ఒకటి పక్కనుంటే, దాని తప్పు పట్టుకోవడానికి వాళ్లే చెవులు రిక్కిస్తారు. అందుకని బొమ్మ చేత కథ చెప్పించకండి. కథ మీరు చెప్పండి, బొమ్మను విననివ్వండి.

1. బొమ్మ తయారీ. మోచేతి దాకా వచ్చే పాత సాక్సు చాలు. సుమారు 10 సెం.మీ. పొడవున కోలగా కత్తిరించిన అట్టను మధ్యకు మడిచి, నోరుగా అంటించండి. కళ్లకు రెండు గుండీలు, నోటికి కాస్త పైన, దగ్గరదగ్గరగా కుట్టాలి. మరీ ఎడంగా ఉంటే బొమ్మ ఎవరినీ చూస్తున్నట్టు అనిపించదు.

2. అద్దం ముందు సాధన. నోరు తెరవాల్సింది బొటనవేలిని కిందికి దించి. పై వేళ్లు ఎత్తితే తల వెనక్కి వాలి, బొమ్మ పైకప్పుకేసి చూస్తుంది. "టోపీ" అనే మాటకు నోరు రెండుసార్లు తెరుచుకోవాలి. ఇంతకన్నా ముఖ్యమైనది, చాలామంది మరిచిపోయేది ఒకటుంది: మీరు మాట్లాడుతున్నంతసేపూ బొమ్మ కదలకుండా మీ ముఖంలోకే చూడాలి. అది ఊగుతుంటే పిల్లల చూపంతా దాని మీదే ఉంటుంది, మీ మాట చెవికెక్కదు.

3. కథలో తప్పులు. ఐదు నిమిషాల కథ తీసుకుని, మూడు చోట్ల ముందే గుర్తు పెట్టుకోండి. "కుందేలు పిల్ల ఎర్ర టోపీ పెట్టుకుని బావి దగ్గరికి వెళ్లింది" అని మీరంటారు. "ఓహో, నీలం టోపీయా!" అంటుంది బొమ్మ. వెంటనే సరిదిద్దకండి, మనసులో మూడు అంకెలు లెక్కపెట్టండి. నిదానంగా ఆలోచించే పిల్లలకు ఆ కాస్త వ్యవధి కావాలి. అందరూ ఒక్కసారే అరవకుండా, తప్పు విన్నవాళ్లు చెవి పట్టుకోవాలనీ, బొమ్మ ఎవరివైపు తిరిగితే వాళ్లే చెప్పాలనీ పిల్లలతో ముందే అనుకోండి.

మొదటి తప్పు రంగులో, రెండోది ఏది ముందు జరిగిందన్న దాంట్లో, మూడోది ఎందుకు జరిగిందన్న దాంట్లో ఉంటే వినికిడి పదునెక్కుతుంది. మూడుకు మించితే కథ పోయి వేట మిగులుతుంది.

4. కథయ్యాక. బొమ్మను సంచిలో పెట్టేయండి. బల్ల మీద వదిలితే గుద్దులాటలకు పనికొస్తుంది, మర్నాటికి అది మళ్లీ వట్టి సాక్సే. ఎవరైనా బెదిరితే వాళ్ల దగ్గరికి తీసుకెళ్లకండి, దూరం నుంచే చూడనివ్వండి. మర్నాడు బొమ్మ బయటికొచ్చి "నిన్నటి కథ మరిచిపోయాను" అంటుంది. పిల్లలు చెబుతుంటే "తర్వాత?" అని మాత్రమే అడగాలి.